రెండో ఊపిరి ఎక్కడుంది?

హైదరాబాద్‌కి సముద్రం లేదు. సముద్రానికి పోయే రైలు మాత్రం ఉంది. సాయంత్రం నాంపల్లి స్టేషన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి విశాఖ. 1974లో మొదలైన ఆ బండి ఈ ఊరి జనాన్ని పెళ్లిళ్లకీ, పరీక్షలకీ, ఇంటర్వ్యూలకీ మోసింది. రుషికొండ దగ్గర వీపుకి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగాలని ఉవ్విళ్లూరే కుర్రకారుకీ ఇప్పుడు అదే దారి. అది చాలనివాళ్లు విమానమెక్కి అండమాన్ పోతారు. మరికొందరు పుదుచ్చేరికి, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవికి.

ఈ సరదాకి కావలసిన సరంజామా చాలానే ఉంది. మాస్కు, ఫిన్నులు, సూటు, బెల్టు... వాటిలో ఏది మొరాయించినా ఏదో ఒకటి చేయొచ్చు. మాస్కులోకి నీళ్లొస్తే ముక్కుతో ఊది బయటికి పంపొచ్చు. ఒక ఫిన్ ఊడిపోతే రెండో కాలితో తన్నుకుంటూ రావచ్చు. కానీ అరచేతిలో పట్టేంత ఇత్తడి దిమ్మ ఒకటుంటుంది. దానికి నాలుగైదు గొట్టాలు వేలాడుతుంటాయి. దాని పేరు రెగ్యులేటర్. నీళ్లలో ఇరవై మీటర్ల కింద అది ఆగిపోతే?

ఆ ప్రశ్నకి జవాబు నీళ్లలోకి దిగకముందే తెలిసుండాలి. రెగ్యులేటర్ని ఎంచుకోవడం, అమర్చుకోవడం అంటే అదే. అది తెలుసుకోవడానికి విశాఖ దాకా కూడా పోనక్కర్లేదు. అబిడ్స్ జీపీవో దగ్గర బయల్దేరి నాంపల్లి వైపు నడిస్తే చాలు. ఊపిరి గురించి, ఒత్తిడి గురించి, తప్పించుకునే దారి గురించి ఈ రెండు పేటలకీ చాలా తెలుసు. కొంత కష్టపడి తెలుసుకున్నదీ ఉంది.

వంటింట్లో ఉన్న తమ్ముడు

అబిడ్స్ అన్న పేరే ఒక కొట్టు నుంచి వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ ఇక్కడ దుకాణం నడిపేవాడు. ఆయన పోయాడు, కొట్టూ పోయింది. పేరు మాత్రం సెంటర్‌కి అతుక్కుపోయింది. ‘ఏది తీసుకుందాం, ఏది మన్నుతుంది’ అని జనం తర్జనభర్జన పడటం ఈ రోడ్లకి అప్పటినుంచీ అలవాటే.

ఇక్కడి టిఫిన్ హోటళ్ల వెనక్కి వెళ్తే గ్యాస్ సిలిండర్లు కనిపిస్తాయి. వాటి మీద కూర్చుని ఉండేదీ రెగ్యులేటరే. మన వంటింట్లోనూ ఒకటుంది. సిలిండర్లో గ్యాస్ బోలెడంత ఒత్తిడితో ఉంటుంది. దాన్ని అలాగే వదిలితే పొయ్యి వెలగదు, కొంప అంటుకుంటుంది. అందుకే మధ్యలో ఓ స్ప్రింగు, ఓ రబ్బరు పొర, ఓ చిన్న వాల్వు. పొయ్యి ఎంత అడిగితే అంతే, మెత్తగా వదలడం వాటి పని.

స్కూబా రెగ్యులేటర్‌కి దీనితో చుట్టరికం ఉంది. 1942 చివర్లో జాక్ కూస్తో అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పారిస్‌లో ఎమిల్ గన్యాన్ అనే ఇంజినీర్ని కలిశాడు. యుద్ధం రోజులవి. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లో పెట్రోలుకి కటకట. కార్లని గ్యాస్‌తో నడిపేవాళ్లు. ఆ కార్ల కోసం గన్యాన్ ఓ వాల్వు తయారు చేసి ఉంచాడు. ఇంజన్ ఎంత లాగితే అంత గ్యాస్ ఇవ్వడం దాని పని. ఇంజన్ బదులు మనిషి ఊపిరితిత్తుల్ని పెడితే? ఆ ఆలోచనలోంచే 1943లో ‘ఆక్వాలంగ్’ పుట్టింది. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న స్కూబా రెగ్యులేటర్లకి మూలం అదే.

అయితే వంటింటి తమ్ముడికి లేని కష్టం ఒకటి నీటిలోని అన్నకి ఉంది. వంటింట్లో గాలి ఒత్తిడి మారదు. నీళ్లలో పది మీటర్లు దిగితే చుట్టూ ఉన్న ఒత్తిడి రెట్టింపవుతుంది. ఇరవై మీటర్లకి మూడు రెట్లు. ముప్ఫైకి నాలుగు రెట్లు. ఆ ఒత్తిడి ఛాతీని అన్ని వైపులా నొక్కుతూ ఉంటే మామూలు గాలిని పీల్చడం మనిషి తరం కాదు. కాబట్టి ఎంత లోతుకి వెళ్తే అంత ఒత్తిడితో గాలి అందించాలి. అదీ పీల్చినప్పుడు మాత్రమే.

ఈ పని రెండు మెట్లలో జరుగుతుంది. సిలిండర్లో సుమారు 200 బార్ ఒత్తిడి ఉంటుంది. సిలిండర్ తలకి బిగించే ఇత్తడి దిమ్మ, అంటే ఫస్ట్ స్టేజ్, దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికన్నా తొమ్మిది, పది బార్లు ఎక్కువ ఉండేలా దించుతుంది. నోట్లో కరిచిపట్టుకునేది సెకండ్ స్టేజ్. అందులో ఓ పల్చటి రబ్బరు పొర, దాని వెనక ఓ మీట. పీల్చగానే పొర లోపలికి వంగి మీటని నొక్కుతుంది, గాలి వస్తుంది. పీల్చడం ఆపగానే వాల్వు మూసుకుంటుంది. వదిలిన ఊపిరి బుడగలై పోతుంది.

ఇక్కడే ఓ లెక్క. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ అంటే 2,400 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది రెండు గంటలు వస్తుంది. పది మీటర్ల లోతులో గంట. ముప్ఫై మీటర్లలో అరగంట. కంగారు పడి రొప్పితే అందులో సగం. రెగ్యులేటర్ ఎంత ఖరీదైనదైనా ఈ లెక్కని మార్చలేదు.

పాత పుస్తకం వేరు, పాత రబ్బరు వేరు

ఆదివారం అబిడ్స్ అందం వేరే. దుకాణాలు షట్టర్లు దించుకుంటాయి. వాటి ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. బేరమాడి, దుమ్ము దులిపి, అట్ట చూసి, చివరి పేజీ ఉందో లేదో తిప్పి చూసి కొనుక్కోవడంలో ఉన్న తృప్తి ఈ ఊరి పాఠకులకి కొత్త కాదు.

ఆ అలవాటుతోనే పాత రెగ్యులేటర్ని కొంటే ప్రమాదం. పాత పుస్తకంలో చివరి పేజీ లేకపోతే కథ ముగింపు తెలియదు, అంతే. రెగ్యులేటర్లో పాడయ్యేవి పైకి కనిపించవు. పైన క్రోమియం పూత తళతళలాడుతుంటుంది. లోపల రబ్బరు రింగులు ఎండిపోయి ఉంటాయి. వాల్వు కూర్చునే మెత్తటి గుండీ మీద గాడి పడి ఉంటుంది. కొద్దికొద్దిగా కారే గాలి ఒడ్డున ‘సుయ్’మంటుంది. నీటి కింద అదే ధారగా మారొచ్చు. పాతది కొనడం నేరమేం కాదు. కానీ కొన్న ధరకి పూర్తి సర్వీసింగ్ ఖర్చు కలిపి లెక్కేసుకోవాలి. సర్వీసింగ్ అయ్యేదాకా నోట్లో పెట్టుకోకూడదు.

జీపీవోకి దగ్గర్లోనే జగదీష్ మార్కెట్ ఉంది. చచ్చిన సెల్‌ఫోన్లకి ప్రాణం పోసే చోటు. అక్కడ తలపండిన ఏ కొనుగోలుదారుడైనా ఫోన్ రంగు కన్నా ముందు ఒకటి అడుగుతాడు: ‘దీనికి స్పేర్లు దొరుకుతాయా?’ రెగ్యులేటర్ కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా ఇదే. కంపెనీ ఎంత గొప్పదైనా, దాన్ని విప్పి బిగించడం నేర్చుకున్న మెకానిక్, అసలైన విడిభాగాలు మనకి అందుబాటులో లేకపోతే ఆ గొప్ప కాగితానికే. విదేశాల నుంచి వచ్చే బంధువు చేత చవగ్గా తెప్పించుకున్న మోడల్‌కి ఇక్కడ సర్వీసింగ్ చేసేవాళ్లు లేక మూలపడేయాల్సి రావచ్చు. ఏడాదికోసారి తనిఖీ, కంపెనీ చెప్పిన గడువుకి పూర్తి సర్వీసింగ్ తప్పనిసరి. ఎంత చెయ్యి తిరిగినవాడైనా సెల్‌ఫోన్ మెకానిక్ దీన్ని విప్పకూడదు. లోపలి ఒత్తిడిని కొలిచే గేజీ, భాగాల్ని శుభ్రం చేసే యంత్రం, ఆ మోడల్ కోసం తీసుకున్న శిక్షణ... ఈ మూడూ ఉన్నవాళ్ల పని అది.

స్పేర్ల సంగతి తేలాక అసలు బేరం. మోడళ్లు వందల్లో ఉన్నా, తేల్చుకోవాల్సినవి మూడే.

మొదటిది, సిలిండర్‌కి బిగించే తీరు. యోక్ రకం సిలిండర్ తలని బిగింపులా పట్టుకుంటుంది. సరదా డైవింగ్ కేంద్రాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. డిన్ రకం మరలా లోపలికి తిరిగి కూర్చుంటుంది. గాలి బయటికి పోకుండా ఆపే రబ్బరు రింగు లోపల బందీ అయిపోతుంది కాబట్టి అది ఎగిరిపోయే భయం తక్కువ. 300 బార్ సిలిండర్లకి ఇదే కావాలి. డిన్ కొని, సంచిలో ఓ యోక్ అడాప్టర్ పడేసుకుంటే రెండు చోట్లా పని జరుగుతుంది.

రెండోది, బ్యాలెన్స్. బ్యాలెన్స్ లేని రకంలో సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ పీల్చడం బరువవుతుంది. బ్యాలెన్స్‌డ్ రకంలో మొదటి ఊపిరీ, చివరి ఊపిరీ ఒకలాగే ఉంటాయి. లోతు తక్కువ చోట, చిన్నపాటి డైవింగ్‌కి మొదటిదీ నిక్షేపంగా పనిచేస్తుంది, ధరా తక్కువ. ముప్ఫై మీటర్లకి దిగేవాళ్లు, ఆపదలో ఇంకొకరికి గాలి ఇవ్వాల్సి రావచ్చని తెలిసినవాళ్లు బ్యాలెన్స్‌డ్ తీసుకోవడమే మేలు. ఒకే ఫస్ట్ స్టేజ్ మీద ఇద్దరు రొప్పుతున్నప్పుడు తేడా తెలిసొస్తుంది.

మూడోది, లోపలి అమరిక. పిస్టన్ రకంలో కదిలే భాగాలు తక్కువ, గాలి ధారాళం. అయితే చాలా మోడళ్లలో నీళ్లు స్ప్రింగు దాకా వెళ్తాయి. డయాఫ్రమ్ రకంలో రబ్బరు పొర అడ్డుంటుంది కాబట్టి ఇసుక, బురద, ఉప్పు లోపలికి చేరవు. చల్లటి నీళ్లలో ఫస్ట్ స్టేజ్ గడ్డకట్టి గాలి ఆగకుండా కొట్టేయడం చలిదేశాల బెడద. పది డిగ్రీల లోపు నీళ్ల కోసం ప్రత్యేకంగా సీల్ చేసిన మోడళ్లుంటాయి. విశాఖ, అండమాన్ నీళ్లు గోరువెచ్చన. అక్కడికి మాత్రమే వెళ్లేవాళ్లు చలికోసం డబ్బు తగలేయక్కర్లేదు. అదే డబ్బు సర్వీసింగ్‌కి దాచుకోవచ్చు.

ఇక మిగిలింది నోరు. రబ్బరు మౌత్‌పీస్ పళ్లకి సరిగ్గా కుదరకపోతే అరగంటలో దవడ లాగేస్తుంది. దాని ధర తక్కువ, మార్చుకోవడం తేలిక. చెప్పులు కొనేటప్పుడు తొడిగి చూస్తాం కదా, ఇదీ అంతే.

నుమాయిష్‌కి ఎన్ని గేట్లు?

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ రోడ్డు పట్టుకుని వస్తే గాంధీభవన్ దగ్గర ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. మృగశిర కార్తె వస్తే ఇక్కడ ఆయాసంతో బాధపడేవాళ్లు బారులు తీరతారు. బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తుంది. నమ్మేవాళ్లు దూరాల నుంచి వస్తారు. శాస్త్రీయ రుజువు లేదని డాక్టర్లు, హేతువాదులు చెబుతూనే ఉంటారు. ఎవరి నమ్మకం ఎలా ఉన్నా, ఆస్తమా ఉన్నవాళ్లు డైవింగ్‌కి ముందు ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్లి తీరాలి. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. మూసుకున్న గొట్టాల్లో అది చిక్కుకుంటే ఏ రెగ్యులేటరూ కాపాడలేదు. ‘నీళ్లలో ఊపిరి బిగబట్టొద్దు’ అని డైవింగ్‌లో మొట్టమొదటి పాఠం చెప్పేదీ అందుకే.

ఈ మైదానం అసలు పేరు తెచ్చుకుంది నుమాయిష్‌తో. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇక్కడికి వచ్చింది. సాధారణంగా జనవరి 1న తెరుచుకుని 46 రోజులు సాగుతుంది. కశ్మీర్ శాలువాలు, లక్నో చికన్ బట్టలు, మిర్చి బజ్జీలు, జెయింట్ వీలు. పిల్లల్ని తీసుకొచ్చే పెద్దవాళ్లు లోపలికి అడుగుపెట్టగానే ఓ మాట అనుకుంటారు: ‘తప్పిపోతే ఫలానా గేటు దగ్గర కలుద్దాం.’ అజంతా గేటు, గాంధీభవన్ గేటు, గోషామహల్ గేటు... పాతకాపులకి ఇవి కంఠతా.

2019 జనవరి 30 రాత్రి ఆ గేట్ల విలువ ఊరందరికీ తెలిసింది. స్టాళ్లకి నిప్పంటుకుంది. గుడ్డలు, ప్లాస్టిక్కు, చెక్క ఒకదాన్నొకటి రాజేసుకున్నాయి. వందల దుకాణాలు బూడిదయ్యాయి. బతుకుతెరువు కోసం దేశం నలుమూలల నుంచి సరుకు తెచ్చుకున్న వ్యాపారులు కట్టుబట్టలతో మిగిలారు. కానీ ప్రాణం పోలేదు. జనం వచ్చిన దారే పట్టుకోకుండా దగ్గరున్న గేటు వైపు పరుగుతీయగలిగారు.

నీటి కింద కూడా లెక్క అదే. రెగ్యులేటర్ అమరిక అంతా రెండో గేటు గురించిన ఆలోచనే.

సరదా డైవర్ అమరికలో ఫస్ట్ స్టేజ్ నుంచి నాలుగు గొట్టాలు బయల్దేరతాయి. ఒకటి నోటికి. ఒకటి తేలడానికి, మునగడానికి ఉపయోగపడే జాకెట్‌కి. ఒకటి సిలిండర్లో గాలి ఎంత మిగిలిందో చూపే గేజీకి. నాలుగోది పసుపు రంగు గొట్టం చివర ఉండే అదనపు సెకండ్ స్టేజ్. డైవర్లు దాన్ని ఆక్టోపస్ అంటారు. గాలి అయిపోయిన తోటి డైవర్ కోసం ఉంచేది అది. గడ్డానికీ చివరి పక్కటెముకలకీ మధ్య, ఛాతీ మీద ఎదురుగా కనిపించేలా తగిలించుకోవాలి. పక్కన వేలాడుతూ పగడపు దిబ్బల మీద ఈడ్చుకొచ్చే ఆక్టోపస్ నిండా ఇసుకే ఉంటుంది. అది తాళం వేసిన గేటు లాంటిది. అవసరానికి పనికిరాదు.

సరదా డైవింగ్‌లో ఈ ఒక్క జాగ్రత్త చాలు. ఎందుకంటే మొదటి కోర్సు చేసినవాళ్లకి హద్దు 18 మీటర్లు, ఎంత నేర్చినా 40. పైన ఆకాశమే తప్ప కప్పు ఉండదు. మరీ అత్యవసరమైతే పైకి రావచ్చు. టెక్నికల్ డైవింగ్‌లో ఆ వెసులుబాటు ఉండదు. గుహల్లోకి, మునిగిన ఓడల్లోకి వెళ్తారు. లేదా 40 మీటర్ల హద్దు దాటతారు. అంత లోతు నుంచి నేరుగా పైకి వస్తే ఒంట్లో కరిగిన నైట్రోజన్ సోడా సీసా మూత తీసినట్టు పొంగి బుడగలు కడుతుంది. మెట్టు మెట్టుకీ ఆగి రావాలి. అంటే ఏ ఇబ్బంది వచ్చినా అక్కడే, నీళ్లలోనే తేల్చుకోవాలి.

అందుకే వాళ్లకి అన్నీ రెండు. వీపు మీద రెండు సిలిండర్లు. రెండింటికీ విడివిడిగా ఫస్ట్ స్టేజ్‌లు. మధ్యలో ఓ అడ్డవాల్వు. ఒక పక్క గాలి కారిపోతుంటే ఆ పక్క కట్టేసి రెండో పక్క దక్కించుకోవచ్చు. నోట్లో ఉన్న సెకండ్ స్టేజ్‌కి రెండు మీటర్లకి పైబడ్డ పొడవాటి గొట్టం. రెండోది రబ్బరు తాడుతో మెడలో హారంలా, సరిగ్గా గడ్డం కింద. తోటివాడికి గాలి అయిపోతే నోట్లో ఉన్నదే తీసి ఇస్తారు. తాము తల వంచి మెడలోది అందుకుంటారు.

ఎందుకంత త్యాగం? అందులో త్యాగమేం లేదు, లెక్క ఉంది. ఊపిరాడనివాడు మర్యాదగా పసుపు గొట్టం వెతకడు. ఎదుటివాడి నోట్లో బుడగలొస్తున్నదాన్నే లాక్కుంటాడు. అది పనిచేస్తోందని కళ్లకి కనిపిస్తోంది కదా! ఎలాగూ లాక్కునేదే కాబట్టి ముందే ఇచ్చేసేలా అమర్చుకోవడం తెలివి. గొట్టం అంత పొడవు ఎందుకంటే, ఇరుకు సందులో ఇద్దరు పక్కపక్కన పోలేరు. ఒకరి వెనక ఒకరు రావాలి. పొడవాటి గొట్టం కుడిపక్క వాల్వుకే బిగించడానికీ కారణముంది. ముందుకి ఈదుతూ గుహ కప్పుకి రాసుకుంటే ఎడమపక్క వాల్వు తనంతట తనే మూసుకునే వైపు తిరుగుతుంది. ఆపదలో ఉన్నవాడికి ఇచ్చే గాలి అలాంటి వాల్వు మీద ఆధారపడకూడదు.

మరొక నియమం: ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడే ఉండాలి, రోజూ. ఈ మాట విలువ తెలియాలంటే నాంపల్లి రైలుకి పేరిచ్చిన గోదావరినే తలుచుకోవాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగి 51 మంది జలసమాధి అయ్యారు. కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం వారాల తరబడి లంగర్లు, తాళ్లతో ప్రయత్నించి, అక్టోబరు 22న బోటుని ఒడ్డుకి చేర్చింది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీటి అడుగుకి వెళ్లి సాయపడ్డారు. వరద గోదావరిలో కన్ను పనిచేయదు. గేజీ ముఖానికి ఆనించుకున్నా ముల్లు కనిపించదు. అలాంటి చోట చెయ్యే కన్ను. అందుకోబోయిన చోట ఆ వస్తువు లేకపోతే వెతుక్కునే వ్యవధి ఉండదు.

రాకుమారి అద్దాల పెట్టె

స్టేషన్ దాటి కొంచెం ముందుకెళ్తే పబ్లిక్ గార్డెన్స్. చెట్ల నీడన మ్యూజియం. అందులో రెండు వేల ఏళ్లు దాటిన ఈజిప్టు మమ్మీ. రాకుమారి నైషు అని పేరు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చి ఏడో నిజాంకి కానుకగా ఇచ్చారు. 1930లో అది మ్యూజియానికి చేరింది. ఇక్కడి తేమ గాలికి పాడైపోతోందని 2016లో దాన్ని ఆక్సిజన్ చొరబడని, నైట్రోజన్ నింపిన పెట్టెలోకి మార్చారు.

ప్రాణం లేని దేహాన్ని కాపాడేది నైట్రోజన్. ప్రాణమున్న డైవర్ని ఇబ్బంది పెట్టేదీ అదే. మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగు వంతులు నైట్రోజనే. ముప్ఫై మీటర్లు దాటితే అది మత్తుగా పనిచేస్తుంది. కల్లు తాగినవాడిలా చిన్న లెక్క కూడా తప్పుతుంది. ఒంట్లో చేరే నైట్రోజన్ తగ్గడానికి కొందరు ఆక్సిజన్ పాలు పెంచిన నైట్రాక్స్ వాడతారు. మరీ లోతుకి పోయేవాళ్లు హీలియం కలుపుతారు. పైకి వచ్చేటప్పుడు నైట్రోజన్ని త్వరగా వదిలించుకోవడానికి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్చేవాళ్లూ ఉన్నారు.

కానీ ఆక్సిజన్ అమృతం కాదు. 32 శాతం ఉన్న నైట్రాక్స్‌తో సుమారు 33 మీటర్లు దాటకూడదు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో 6 మీటర్లు. హద్దు మీరితే నీటి కిందే మూర్ఛ వస్తుంది. నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోతుంది. టెక్నికల్ డైవర్లు ఒక్కో సిలిండర్ మీద దాని హద్దు లోతుని పెద్ద అంకెల్లో రాసుకునేది అందుకే. గాలి మారేటప్పుడు ఆ అంకె తాను చూసి, తోటివాడికి చూపి, ఆ సిలిండర్ నుంచి నోటిదాకా గొట్టాన్ని చేత్తో తడుముకుంటూ వస్తారు. రెగ్యులేటర్ ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. ఆక్సిజన్ 40 శాతం దాటితే మామూలు గ్రీజు, నూనె జిడ్డు కూడా నిప్పుకి కారణం కావచ్చు. దానికోసం ప్రత్యేకంగా శుభ్రం చేసి, తగిన రబ్బరు రింగులు వేసినదే వాడాలి.

బజార్‌ఘాట్ నేర్పిన పాఠం

నాంపల్లిలోనే బజార్‌ఘాట్. 2023 నవంబరు 13, దీపావళి మర్నాటి ఉదయం. ఓ అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. మంట కింద, మనుషులు పైన. పొగ పైపైకి పాకింది. కొందరిని నిచ్చెనలు వేసి కిటికీల్లోంచి దించారు. పలువురి ప్రాణాలు పోయాయి.

అలాంటి పొగలోకి వెళ్లే అగ్నిమాపక సిబ్బంది వీపు మీదా ఓ సిలిండర్ ఉంటుంది, దానికీ రెగ్యులేటర్ ఉంటుంది. చూడ్డానికి స్కూబా లాగే ఉంటుంది. నిజానికి ఈ వంశానికి మూలపురుషుడు గనుల్లోనే పుట్టాడు. 1860ల్లో బెన్వా రుకెరోల్ అనే ఫ్రెంచి గని ఇంజినీరు, గనుల్లో చిక్కుకున్నవాళ్లని కాపాడటానికి ఊపిరికి తగ్గట్టు గాలి వదిలే వాల్వుని రూపొందించాడు. దాన్ని నీళ్లలోకి తీసుకెళ్లింది ఆ తర్వాతే.

అన్నదమ్ములే అయినా ఒకరి పని ఇంకొకరికి రాదు. అగ్నిమాపక సెట్‌లో ముఖమంతా కప్పే మాస్కు ఉంటుంది. అందులో గాలి ఒత్తిడిని ఎప్పుడూ బయటికన్నా కాస్త ఎక్కువగా ఉంచుతారు. మాస్కు అంచు దగ్గర సందు పడినా లోపలి గాలి బయటికి పోతుందే తప్ప విషపు పొగ లోపలికి రాదు. గాలి తగ్గిపోతుంటే ఈల మోగుతుంది, పొగలో గేజీ కనిపించదు కాబట్టి. స్కూబా నోటి గొట్టానికి ఆ ఎక్కువ ఒత్తిడి పెడితే నోట్లోంచి తీయగానే సిలిండర్ ఖాళీ అయిపోతుంది. కాబట్టి ‘ఏది మంచి రెగ్యులేటర్’ అన్న ప్రశ్నకి ఒంటిగా జవాబు లేదు. ఎక్కడికి వెళ్తున్నారు? అక్కడ ఏం తప్పు జరగొచ్చు? జరిగితే బయటికి ఎటు రావాలి? ఈ మూడూ చెప్తే రెగ్యులేటర్ ఏదో దానంతట అదే తేలుతుంది.

కొన్నాక రోజువారీ పని కొంచెమే. నీళ్లలోకి దిగేముందు గేజీని చూస్తూ నాలుగైదుసార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు ఊగితే సిలిండర్ వాల్వు పూర్తిగా తెరవలేదని అర్థం. నోట్లోదాన్నే కాక ఆక్టోపస్‌నీ పీల్చి చూడాలి. తోటి డైవర్ అమరికని చేత్తో తాకి తెలుసుకోవాలి. అతనూ మీది తెలుసుకోవాలి. పైకి వచ్చాక ఫస్ట్ స్టేజ్ మూత బిగించి మంచినీళ్లలో నానబెట్టాలి. అప్పుడు సెకండ్ స్టేజ్ మీదున్న బటన్ నొక్కితే నీళ్లు లోపలికి పోతాయి, నొక్కకూడదు. అండమాన్ నుంచి విమానంలో తిరిగొచ్చేవాళ్లు చివరి డైవింగ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోవాలి.

వీటిలో ఏదీ కష్టం కాదు. కష్టమల్లా అంతా బాగున్నప్పుడు చెడురోజు గురించి ఆలోచించడం. కిందనున్న డ్రమ్ముల్లో ఏముందో అడగడం, మెట్లకి అడ్డంగా పెట్టిన సామాను తీయించడం, సినిమా హాల్లో కూర్చోగానే రెండో తలుపు ఎటుందో చూసుకోవడం... ఇవి చేసే మనిషిని పక్కవాళ్లు ‘చాదస్తం’ అంటారు. డైవర్ల లోకంలో ఆ చాదస్తం ఉన్నవాడి జతే అందరికీ కావాలి.